హల్‌లో చూసిన అర్ఖాంగెల్స్క్

నేను మెడిసిన్ చదివింది రష్యా ఉత్తరపు కొసన, తెల్ల సముద్రం దగ్గరున్న అర్ఖాంగెల్స్క్ రేవు పట్నంలో. ఆరేళ్ళూ నీనా అనే పెద్దావిడ ఇంట్లో అద్దెకున్నాను. ఇప్పుడు బ్రిటన్‌లోని లీసెస్టర్‌లో జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టరుగా పనిచేస్తున్నాను. ఇక్కడి తూర్పుతీరపు రేవు హల్‌లో ఒక చిన్న మ్యూజియంవాళ్ళు అర్ఖాంగెల్స్క్ చరిత్ర మీద ప్రదర్శన పెట్టారని తెలియగానే క్లినిక్‌లో డ్యూటీలు మార్పించుకుని బయలుదేరాను.

శనివారం పొద్దున్న ఏడున్నరకి లీసెస్టర్‌లో బండెక్కి షెఫీల్డ్‌లో మారాను. ప్లాట్‌ఫాం మీదే ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర తిని టీ తాగాను. హల్ బండిలో నా ఎదుట డోరీన్ అనే ముసలావిడ కూర్చుంది. ఎనభై దాటి ఉంటాయి. మాటల్లో తెలిసింది, ఆవిడా ఆ ప్రదర్శనకే వెళ్తోంది.

"మా నాన్న యుద్ధంలో ఆ ఊరికి సరుకు మోసిన ఓడల్లో పనిచేశాడమ్మా. చలికి కాలివేళ్ళు చచ్చుబడిపోతే అక్కడి ఆసుపత్రిలోనే తీసేశారు" అంది. "ఊరెలా ఉంటుంది?"

చలికాలంలో నది గడ్డకడితే జనం దానిమీద నడిచి అవతలి దీవికి పోతారని చెప్పాను. ఇంతలో హంబర్ నది పట్టాల పక్కకొచ్చింది. బురదరంగు నీళ్ళు, పైన పొడవాటి వంతెన.

స్టేషన్ నుంచి మ్యూజియానికి పావుగంట నడక. డోరీన్ నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా నడిచింది. ప్రవేశానికి టికెట్ లేదు.

చైనాకి దారి వెతుకుతూ వచ్చిన ఇంగ్లీషు ఓడ ద్వినా నది ముఖద్వారం చేరడంతో ఆ ఊరి చరిత్ర మొదలైందట. మొదటి బోర్డు మీద అలా రాశారు. అప్పటికే అక్కడ మఠం ఉందని, చేపలు పట్టుకుని బతికే జనం ఉన్నారని ఒక్క ముక్క లేదు. తర్వాత కలప వ్యాపారం. ఆ తర్వాత ఒక్క గెంతులో రెండో ప్రపంచయుద్ధం. మరి మధ్యలో 1918 ఏదీ? రష్యాలో విప్లవం వచ్చిన మరుసటేడు దాన్ని అణచడానికి బ్రిటన్, దాని మిత్రదేశాల సైన్యాలు ఆ రేవులో దిగి ఏడాదికి పైగా తిష్ఠ వేశాయి. దగ్గర్లోని ముద్యుగ్ దీవిలో ఖైదీల శిబిరం పెట్టాయి. నీనా తాతని అక్కడికే పట్టుకుపోయారు. ఆయన తిరిగి రాలేదు.

చివరి బోర్డు చదివేసరికి ఒళ్ళు మండింది. "మన ఓడలు ఆ నగరం ఆకలి తీర్చాయి" అట! ఓడల్లో వచ్చిన ట్యాంకులూ తిండి డబ్బాలూ రైలెక్కి యుద్ధరంగానికి పోయాయి. రేవులో వాటిని ఓడల నుంచి దింపిన నీనా తల్లికి రోజుకి దక్కింది చిన్న రొట్టెముక్క. యుద్ధం మొదలైన మొదటి చలికాలంలోనే నీనా తమ్ముడు ఆకలితో పోయాడు. మిగిలినవాళ్ళు సీల్ అనే సముద్రజంతువు మాంసం తిని ప్రాణాలు నిలుపుకున్నారు. ఆ జంతువుకి కృతజ్ఞతగా ఊళ్ళో విగ్రహం కూడా పెట్టారు.

అక్కడున్న గైడు దగ్గరికెళ్ళి, రాసింది తప్పని చెప్పాను.

ఆయన నవ్వాడు. "మీది ఇండియా కదా? మీకు దీంతో ఏం సంబంధం?"

"నేను ఆ ఊళ్ళో ఆరేళ్ళున్నాను. మీరెప్పుడైనా వెళ్ళారా?"

వెళ్ళలేదన్నాడు. 1918 గురించి ఎందుకు రాయలేదని అడిగాను.

"చోటు చాలలేదండీ. అయినా ఇది రష్యాని పొగిడే సమయం కాదు."

"ఆకలికి చచ్చిపోయిన పసివాణ్ణి తలుచుకుంటే పొగిడినట్టా? ఇప్పటి యుద్ధమంటే నాకూ అసహ్యమే. దానికి వాడేం చేశాడు?"

నా గొంతు లేచింది. గదిలో అందరూ తిరిగి చూశారు. నెమ్మదిగా మాట్లాడండి, లేకపోతే బయటికి వెళ్ళండి అన్నాడాయన.

డోరీన్ ముందుకొచ్చింది. "ఆమె వెళ్తే నేనూ వెళ్తాను. కానీ ఇది విను. మా నాన్న వేళ్ళు కోసినప్పుడు అక్కడ మత్తుమందు లేదు. ఒక నర్సు ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది. తర్వాత తన రొట్టెలో సగం తుంచి ఆయనకి పెట్టింది. మనమే వాళ్ళకి తిండి పెట్టామని రాసుకోవడానికి సిగ్గులేదూ?"

ఆయన మొహం ఎర్రబడింది. పైవాళ్ళకి చెప్తానన్నాడు. ఆ మాట ఎంత దూరం పోతుందో క్లినిక్‌లో అలాంటి హామీలు రోజూ వినే నాకు తెలుసు.

భోజనానికి పిలిస్తే డోరీన్ రానంది. ఆ బోర్డు పక్క బెంచీ మీద కూర్చుని, చదవడానికి వచ్చినవాళ్ళనల్లా ఆపి నర్సు సంగతి చెప్పడం మొదలుపెట్టింది. నేనూ పక్కన కూర్చుని నీనా తమ్ముడి సంగతి చెప్పాను. పిల్లాడి పేరేమిటని ఒకావిడ అడిగింది. ల్యోషా అన్నాను. రెండేళ్ళవాడు.

నాలుగున్నర బండి అందుకోవడానికి లేచాను. డోరీన్ ఇంకా చెబుతూనే ఉంది. రైల్లో ఉండగా మా ఆయన ఫోన్ చేశాడు.

"ఏంది, గొంతు అట్లున్నది? ఆడ లొల్లి పెట్టుకున్నవా?"

"పెట్టుకున్న."

"మంచిగ చేసినవ్. నువ్వొచ్చేసరికి అన్నం వండి పెడ్త."

మీరూ వెళ్ళి చూడండి. ఓడల నమూనాలు చక్కగా చేశారు. నాలుగు వందల ఏళ్ళకి పైబడిన నగరం గురించి గదినిండా రాశారు, ఆ నగరంలో పుట్టిన ఒక్క మనిషి పేరూ రాయలేదు. గొడవపడితే తప్ప ల్యోషా పేరు అక్కడ వినపడలేదు. షెఫీల్డ్ దాటినా నా కోపం తగ్గలేదు. తగ్గాలనీ అనిపించలేదు.