ఆంటీ ఇంట్లో అమెరికా

ఒట్టు. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పితం కాదు. సబ్హాన్ పేటలోని గోడౌన్‌లో నాతో పనిచేసే కుర్రాళ్ళు నా మాటను సగానికి కోసి వింటారని తెలుసు. మా చిన్నప్పటి బిల్డింగ్ లిఫ్టులో ఒకసారి ఒంటె ఇరుక్కుందని చెప్పిన నాటి నుంచి వాళ్ళకు నామీద గురి పోయింది. ఆ సంగతి ఎలా ఉన్నా, ఇప్పుడు చెప్పేది మాత్రం మా అమ్మ పెట్టిన అన్నం మీద ప్రమాణం చేసి చెబుతున్నాను.

నా చిన్నప్పుడు మేము ఇక్కడే, ఈ గల్ఫ్ దేశంలోనే, ఫింటాస్‌లో ఉండేవాళ్ళం. మా కిటికీలోంచి చూస్తే పక్క బిల్డింగ్ ఏసీ డబ్బాలు కనిపించేవి. సముద్రం చూడాలంటే పక్కింటి ఆంటీ వాళ్ళ హాల్లోకి వెళ్ళాలి. మా నాన్న అమెరికన్ సిలబస్ చెప్పే ఒక బడిలో ఏసీలు బాగుచేసేవాడు. ఆ పుణ్యాన నాకు అందులో సీటు దొరికింది. కడప నుంచి వచ్చిన ఇంటి పిల్లవాడి మెడకు అమెరికా చరిత్ర అలా చుట్టుకుంది. ఆ పాఠం చెప్పేది కూడా ఈ ఆంటీయే. గోదావరి మనిషి, ఒంటరిగా ఉండేది. సెలవు దినమైన శుక్రవారం చర్చికి వెళ్ళివచ్చి, మధ్యాహ్నం నాకు ట్యూషన్ చెప్పేది. నా వెనకే మా చెల్లి, చెల్లి చంకలో బొమ్మ. అమెరికాను ఆంటీ ఎన్నడూ చూసింది లేదు.

ఆ ఏడు బడివాళ్ళు ఆమెను ఇక వద్దన్నారు. ఇక్కడ ఉద్యోగం ఉంటేనే ఇఖామా అనే నివాస అనుమతి, ఇఖామా ఉంటేనే మనిషి. ఇంకో బడి పిలిస్తే నిలుస్తుంది. లేకపోతే పరీక్షల వారంలో గడువు తీరిపోతుంది, దేశం వదలాలి. ఊళ్ళో ఆమెకంటూ మిగిలింది తమ్ముడింటి వరండాలో ఒక మంచం. ఇదంతా మాకు అప్పుడు తెలియదు.

మాకు తెలిసిందల్లా ఆట. కిటికీ అవతల తూర్పు సముద్రం, వంటింటి గడప పడమటి సముద్రం, మధ్యలో పరిచిన ఎర్ర తివాచీ అమెరికా. తివాచీ నడుమ సోఫా మీద చెల్లి, బొమ్మతో సహా, ఆ నేలలో తరతరాలుగా ఉన్న మనుషులన్నమాట. బట్టల బుట్టను బండిలా తోసుకుంటూ తూర్పు నుంచి వచ్చేవాణ్ణి నేను. "ఒరేయ్ బండోడా, నీకింకాస్త నేల కావాలి, అడగరా," అనేది ఆంటీ. నేను గొంతు చించుకుని అడిగేవాణ్ణి. ఆంటీ చెల్లి చేతిలో చెయ్యేసి, "కొంచెం జరగమ్మా, ఇదే ఆఖరు, ఇంక కదపం," అని మాటిచ్చేది. చెల్లి జరిగేది. మళ్ళీ నేను అడిగేవాణ్ణి. సోఫా నుంచి తివాచీకి, తివాచీ నుంచి బండల మీదికి, చివరికి వంటింటి గడపకు చేరి, "ఇంగ యాడికి జరగల్ల ఆంటీ?" అని బావురుమంది.

ఆంటీ దాన్ని ఎత్తుకుని నా వైపు తిరిగింది. "ఆ నేలంతా ఖాళీగా ఉండేదని రాసేసుకున్నార్రా. ఎవరైనా ఖాళీ అన్నారనుకో, అంతకుముందు ఎవరుండేవోరని అడుగు," అంది.

మరుసటి శుక్రవారానికి సోఫా లేదు. ఏదాంటీ అంటే, కళ్ళు పెద్దవి చేసి, బైసన్లని అడవిదున్నలుండేవని, మందలు కదిలితే నేల కనిపించేది కాదని, తుపాకులవాళ్ళు వాటిని కొట్టి తోళ్ళు రైళ్ళకెత్తారని చెప్పింది. "సోఫా అంటే బైసనే కదరా. పోయింది," అంది. ఆ తర్వాత టీవీ పోయింది, కుర్చీలు పోయాయి. అమెరికా పెరిగేకొద్దీ ఆంటీ ఇల్లు తరిగింది. పాఠం కోసం ఇంటిని ఇంతలా ఖాళీచేసే టీచరు ఇంకెవరికీ లేదని నేను బడిలో గొప్పలు పోయాను.

ఆ గొప్పలే ఒకరోజు అమ్మ దగ్గరా పోయాను. అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. కాసేపటికి ఒక గిన్నెలో పప్పు పోసుకుని పక్కింటికి వెళ్ళింది. నేను తలుపు పక్కన నిలబడ్డాను.

"అమ్ముకోవాల్సినంత గతి పట్టెనా అక్కా? పిల్లోల్లకు ఒక మాట చెప్పకపోతివే," అంది అమ్మ.

"చెప్తే పాఠం వింటారా చెల్లీ? నా మొహం చూస్తా కూర్చుంటారు. ఇంకో రెండు బళ్ళు మిగిలున్నాయి, ఎవరో ఒకరు పిలవకపోరు," అంది ఆంటీ. 

తర్వాతి శుక్రవారం తివాచీ కూడా లేదు. నున్నటి తెల్ల బండలు. చెల్లి గుమ్మంలోనే ఆగి, "అమెరికా యాడికి పాయ ఆంటీ?" అంది. ఆంటీ నోరు తెరిచింది. కథ రాలేదు. మొదటిసారి ఆమె దగ్గర కథ అయిపోయింది. నేనే అందుకున్నాను. "పాలేదే, చుట్టి పక్కన పెట్టినారు. రైలు పట్టాలు వెయ్యల్లంటే నేల చదునుగా ఉండద్దా?" అన్నాను. నా బతుకులో నేను పుట్టించిన మొదటి కథ అదే. ఆంటీ నన్ను చూసింది. నాకు తెలిసిపోయిందని ఆమెకు తెలిసిపోయింది. "అదీ, మా బండోడు చెప్పిందే," అంటూ గబగబా సుద్దముక్క తెచ్చి బండల మీద అమెరికా గీసింది.

ఆరోజు పాఠం అమెరికాలో ఫ్యాక్టరీలు వచ్చిన కాలం; ఆ బండల మీదే మేమూ ఒకటి పెట్టాం, మనిషికొక పని. ఆమె పూరీ వత్తింది, చెల్లి కొబ్బరి పెట్టింది, నేను అంచులు నొక్కాను. కజ్జికాయ ఎవరు చేసినట్టు అని ఆంటీ అడిగితే ముగ్గురం ముఖాలు చూసుకున్నాం. ఆఖరి శుక్రవారం అమెరికా సముద్రాలు దాటింది. సుద్దగీత గుమ్మం దాటి, వరండా దాటి, మా తలుపు దాకా వచ్చేసింది. "దేశానికి ఇల్లు చాలట్లేదురా," అంది ఆంటీ. వెనక హాల్లో ఒక సూట్‌కేసు తప్ప ఏమీ లేదు. ఏ బడీ పిలవలేదు.

ఆమె వెళ్ళేరోజు నేను ఎయిర్‌పోర్టుకు వెళ్ళాను. అద్దం అవతల ఆంటీ వెనక్కి తిరిగి, కొంచెం జరగమన్నట్టు చెయ్యి ఊపి నవ్వింది. నేనూ ఊపాను.

ఇక ప్రమాణం చేసినందుకు నిజం ఒప్పుకోవాలి. లిఫ్టులో ఇరుక్కున్నది ఒంటె కాదు, బక్రీదుకు తెచ్చిన మేక. ఎయిర్‌పోర్టు ముక్క కూడా కల్పితమే. ఆ సాయంత్రం ఏడుపు ఆపని చెల్లి కోసం అల్లాను. అది ఇప్పటికీ అదే నిజమనుకుంటోంది. ఆంటీ విమానమెక్కే వేళకు నేను బడిలో అమెరికా చరిత్ర పరీక్ష రాస్తున్నాను.

ఇంటికొచ్చేసరికి పక్కింటి తలుపు బార్లా తెరిచి ఉంది. బిల్డింగ్ హారిస్, అంటే కాపలావాడు, తడిగుడ్డ కర్రతో హాలు తుడుస్తున్నాడు. నన్ను చూసి, "ఖలాస్. ఖాలీ హై," అన్నాడు. కిటికీ దగ్గర తూర్పుతీరం అప్పటికే చెరిగిపోయింది. వంటింటి గడప దగ్గర కొంచెం సుద్దగీత మిగిలితే దాని మీద కూర్చున్నాను. తుడవాలి, జరగమన్నాడు. జరిగాను. ఇంకొంచెం జరగమన్నాడు.

ఇప్పుడు మేముండే గోడౌన్ పనివాళ్ళ క్యాంపులోకి కొత్త కుర్రాడెవడైనా వస్తే, ఆ మంచం ఖాళీనే, వేసుకో అంటారు మావాళ్ళు. నేను ఊరుకోను. అంతకుముందు దానిమీద పడుకున్నవాడు ఏ ఊరివాడో, ఏ కూర ఇష్టంగా తినేవాడో, నిద్రలో ఎవర్ని కలవరించేవాడో కూర్చోబెట్టి చెబుతాను. "అన్న మళ్ళీ మొదలుపెట్టినాడు," అని నవ్వుతారు. తెలిసింది చెబుతాను. తెలియనిది కల్పిస్తాను. ఖాళీ అని మాత్రం అనను.