చేనుకు కట్టిన వేపమండలు

అవి నిజాం పాలన చివరి రోజులు. హైదరాబాదులో ఒక వారపత్రికకు విలేకరిగా ఉన్న నేను, ఒక దొర చేసే జింకల షికారు గురించి రాయడానికి పెబ్బేరు దగ్గరి పల్లెకు వెళ్లాను.

జొన్నచేనులో ఆడజింక ఉందని తెలిసి అందరం అటు నడిచాం. చేనులోకి పోయే తోవకు అడ్డంగా తాడు కట్టి, కాన్పయిన ఇంటి గుమ్మానికి కట్టినట్టు వేపమండలు వేలాడదీశారు. వాటి ముందు ఆ చేను ఆసామి, ఒక నడివయసు ఆవిడ, నిలబడి ఉంది.

“జింక ఈనింది దొరా. బాలింత ఉన్నకాడికి మొగోళ్లు పోతరా?” అంది.

“జింకకు పురుడేందే? తప్పుకో.”

“చేను మేస్తే నేనే తరుముత. గిప్పుడు మాత్రం ఎవ్వర్నీ పోనియ్య.”

దొర తుపాకీ ఎత్తాడు. ఆమె కదల్లేదు. చేనులోకి దిగి జింకను బయటికి తరమాల్సిన డప్పులవాళ్లు ఆ వేపమండల్ని చూసి, డప్పులు కింద పెట్టి కూర్చున్నారు. వాళ్లు తరమందే వేట లేదు. దొర తిట్టుకుంటూ వెనక్కి పోయి గుర్రమెక్కి వెళ్లిపోయాడు.

నేను అక్కడే ఉండిపోయి, జింకపిల్లను ఒక్కసారి చూసొస్తానని ఆమెను బతిమాలాను.

“నువ్వు గూడ మొగోనివే గద,” అంది. తినడానికి రొట్టె పెట్టింది గానీ, లోపలికి మాత్రం పోనివ్వలేదు.

షికారు వార్తకు బదులు ఆమె గురించి రాశాను. ఉద్యోగం పోయింది. ఆ తర్వాత నా బతుకంతా అడవి జంతువుల్ని కాపాడే పనిలోనే గడిచింది. ఎన్నో జింకపిల్లల్ని చూశాను, ఆ మొదటిదాన్ని తప్ప. నన్ను చూడనివ్వనందుకే ఆ తల్లికి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.