ప్రభుదాసు గారి పళ్ళెంలో ఒక్క గింజ

అమరేశ్వరుడి మీద ఒట్టు, కోతకు వచ్చిన మా మిరపచేని మీద ఒట్టు, ఇక్కడ రాసే ప్రతి మాటా నిజం. నన్ను ఎరిగినవాళ్ళు ఇప్పటికే నవ్వడం మొదలుపెట్టి ఉంటారు. మాకు ఇంటిపేరు వేరే ఉన్నా చిలకలూరిపేటలో నన్ను కోతల సుబ్బారావు అనే పిలుస్తారు. నవ్వుకోండి. ఇవాళ పొద్దున మా ఆవిడ నా చొక్కా ఇస్త్రీ చేస్తూ, ఎవరిదో ఫోనొస్తే మాటల్లో పడి పెట్టెను బట్ట మీదే వదిలేసింది. నూలు మాడే వాసన ముందు తియ్యగా ఉంటుంది, ఆ వెనకే గొంతు పట్టేస్తుంది. ఒక్క ఉరుకున వెళ్ళి ప్లగ్గు పీకేశాను. "చొక్కా పోతే పోయింది గానీ, ఆ చేతులు అట్టా వణుకుతున్నాయేంది?" అంది. చేతులు వెనక్కి దాచుకున్నాను. అవి అలా వణుకుతాయని నాకు తెలియజేసిన మనిషి ప్రభుదాసు గారు.

హైవే పక్కన నేను పనిచేసిన, పత్తిలోంచి గింజలు తీసే జిన్నింగు మిల్లుకు ఆయన మేనేజరు. తెల్ల చొక్కా, జేబులో కళ్ళజోడు, గట్టిగా ఒక మాట అనని నోరు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోంచేసి, మధ్యాహ్నం మిల్లు ఆఫీసు గదిలో మాతో ఆట ఆడించేవారు. పేకాట కాదు. బెంగళూరులో ఉద్యోగం చేసే మేనల్లుడు తెచ్చిచ్చిన పెట్టెలోని ఆట. అందులో నాలుగు ముఖాల నుంచి ఇరవై ముఖాల దాకా రకరకాల పాచికలు ఉండేవి. ఆయన కథ చెబుతారు: అడవి, గుహ, రాక్షసుడు. నేనూ, లారీ డ్రైవరు మస్తానూ అందులో వీరులం. ఏం చేస్తామో మేం చెప్పాలి, అవుతుందో లేదో పాచిక చెబుతుంది. ఒక్కొక్క వీరుడి ప్రాణానికి లెక్కగా ఇన్ని అని హిట్ పాయింట్లు ఉంటాయి. మేం వాటికి బదులు పత్తి గింజలు స్టీలు పళ్ళెంలో పోసుకుని ముందు పెట్టుకునేవాళ్ళం. దెబ్బ పడితే ఆయన పళ్ళెంలోంచి గింజలు తీసేస్తారు. పళ్ళెం ఖాళీ అయితే వీరుడు కూలిపోయినట్టు.

మొదటి ఆటలోనే కొండరాక్షసుడు నన్ను గదతో కొట్టాడు. ఆయన నా పళ్ళెంలో సగానికి పైగా తీసేశారు. నాకు ఒళ్ళు మండింది.

"ఇదేం లెక్కండీ? తాటిమొద్దంత గద తగిలితే చెయ్యి విరగలేదు, కాలు విరగలేదు, మళ్ళీ లేచి కత్తి తిప్పుతున్నాను. నా కోతల్లో కూడా ఇంత అన్యాయం ఉండదు."

"నీ ఒంట్లో ఎముకలుంటే గదరా విరగటానికి? అంతా గాలే," అన్నాడు మస్తాను.

ప్రభుదాసు గారు నవ్వలేదు. "తగల్లేదు సుబ్బారావ్. తప్పుకున్నావు."

"తగలకపోతే గింజలెందుకు తీశారండీ?"

"తప్పుకోడానికి అయిన ఖర్చు అది. ఊపిరో, ధైర్యమో, అదృష్టమో, ఏదో ఒకటి. గద నిజంగా తగిలేది ఒక్కసారే. పళ్ళెంలో ఏమీ లేనప్పుడు."

"మరి పోయినవి మళ్ళీ రావా?"

"రాత్రి హాయిగా నిద్రపోతే ఆటలో తిరిగొస్తాయి," అన్నారు. ఆట బయట సంగతి నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆ సాయంత్రం బండి మీద ఇంటికి పోతుంటే ఒక లారీ నన్ను రాసుకుంటూ పోయింది. ఎంత దగ్గరగా అంటే, నా చొక్కా గుండీ ఒకటి దాని పక్క డాలా చెక్కకు తగులుకుని ఒంగోలు దాకా పోయి ఉంటుంది. మామూలు రోజైతే మర్నాడు టీ కొట్టు దగ్గర ఆ గుండీ కథ పదిమందికి చెప్పేవాణ్ణి. ఆ రోజు రోడ్డు పక్కన బండి ఆపి కూలబడ్డాను. నా కథలన్నీ అలాంటివే కదా! మిరపచేలో పడగెత్తిన పాము మీదుగా దూకడం, దిగుడుబావిలో పడి బయటికి రావడం, కరెంటు తీగ తెగి నా చెప్పు ముందు పడడం. ఇన్నాళ్ళూ వాటిని నా ఘనతలుగా చెప్పుకున్నాను. అవన్నీ నా పళ్ళెంలోంచి పోయిన గింజలని అప్పుడు అనిపించింది. ఇంకా ఎన్ని మిగిలాయో నాకు చూపించే పళ్ళెం ఎక్కడా లేదు. భయమంటే నాకు ఆ రోజు నుంచే తెలుసు.

జిన్నింగు మిల్లులో మేం భయపడేది కనిపించే నిప్పుకు కాదు. పత్తిలో ఏ రాయో ఇనప ముక్కో వచ్చి యంత్రానికి కొట్టుకుంటే రవ్వ లేస్తుంది. దాన్ని అక్కడికక్కడే ఆర్పేస్తాం. కానీ ఒక్క రవ్వ దూదిలో దాక్కుని, దూదిని మోపుగా నొక్కి కట్టే ప్రెస్సులోకి పోయి, ఆ బేలులో బిగుసుకుపోతే దాని సంగతి ఎవరికీ తెలియదు. పైకి బేలు తెల్లగా, చల్లగా ఉంటుంది. లోపల రోజుల తరబడి కాలుతూనే ఉంటుంది. అందుకే రవ్వ లేచిన రోజు కట్టిన బేళ్ళను గోడౌనులో పెట్టకుండా, ఆవరణలో పడమటి గోడ వారన విడిగా పేర్చేవాళ్ళం. ప్రభుదాసు గారు రోజూ వెళ్ళి ఒక్కొక్క బేలు మీద అరచెయ్యి ఆనించి చూసేవారు, జ్వరం చూసినట్టు.

ఒకరోజు ఒక బేలు దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది. మమ్మల్ని దూరం జరగమన్నారు. మస్తాను నీళ్ళ పైపు పట్టుకున్నాడు. ఆయనే కట్టరు తీసుకుని ఇనప పట్టీలు తెంపారు. చివరి పట్టీ తెగగానే బిగిసి ఉన్న దూది ఒక్కసారి విచ్చుకుంది, గాలి తగిలింది, లోపలి నిప్పు మనిషెత్తున లేచింది. ఆయన పక్కకు తప్పుకున్నారు. మంట ఆయన ముఖం పక్కనుంచి పోయింది. కనుబొమ్మ కూడా కాలలేదు.

"సారుది గట్టి ప్రాణం! గీత కూడా పడలేదు చూడండి," అని మస్తాను కేక పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. టీ తెచ్చి ఇచ్చారు. గ్లాసు ఆయన ఉంగరానికి తగిలి టకటకమని మోగుతుంటే, ఎవరూ చూడకుండా రెండో చేతిలోకి మార్చుకున్నారు. నేను చూశాను.

ఆ ఆదివారం నేను ఆయన ముందు కూడా ఒక ఖాళీ పళ్ళెం పెట్టాను. కథ చెప్పేవాళ్ళకు గింజలుండవు, అది ఆట పద్ధతి.

"మీకెన్ని ఉన్నాయండీ?" అన్నాను. పరాచికానికే అడిగానని ఆయన అనుకోవాలని నవ్వు ముఖం పెట్టాను.

ఆయన గింజల గిన్నెలో వేళ్ళు పెట్టి చాలాసేపు కెలికారు. ఒక్క గింజ తీసి పళ్ళెంలో వేశారు. "ఇంతే ఉన్నట్టుంది సుబ్బారావ్."

మస్తాను పకపకా నవ్వాడు. నేను ఆ ఒక్క గింజనే చూస్తున్నాను. పత్తి రాక అప్పుడే మొదలైంది. ఎన్ని రాళ్ళు వస్తాయో, ఎన్ని రవ్వలు లేస్తాయో. బేలు వేడెక్కిందంటే పట్టీలు తెంపే పని ఆయన ఎవరికీ ఇవ్వరు.

మళ్ళీ రవ్వ లేచింది. ఆ మర్నాటి నుంచి ఆయన కంటే ముందే వెళ్ళి నేను బేళ్ళ మీద చెయ్యి వేసేవాణ్ణి. ఒక సాయంత్రం చివరి వరసలో బేలు చెయ్యి పెట్టనివ్వకుండా కాలింది. వెనక ఆయన అడుగులు వినిపించాయి.

"సార్, గేటు దగ్గరికి మిమ్మల్ని రమ్మంటున్నారండీ. ఓనరు గారు ఒంగోలు నుంచి బయల్దేరారంట, మీరు గేటులోనే ఉండాలంట!"

ఆయన నన్ను చూశారు, నా వెనక ఉన్న బేలును చూశారు. "అబద్ధం చెప్పేటప్పుడు ఎడమ చెవి పట్టుకుంటావోయ్ నువ్వు," అన్నారు. నిజంగానే చెవి నా చేతిలో ఉంది. తిడతారనుకున్నాను. ఆయన జేబులోంచి కట్టరు తీసి నా చేతిలో పెట్టి, గేటు వైపు నడిచిపోయారు. వెనక్కి చూడలేదు.

మస్తాను పైపు పట్టాడు. నేను పట్టీలు తెంపాను. చివరి పట్టీకి మంట నాగుపాములా లేచి నా చెవి పక్కనుంచి బుసకొట్టింది. పక్కకు పడ్డాను, లేచాను. ఒంటి మీద గీత లేదు. అక్కడే నేల మీద చతికిలబడ్డాను.

గేటు నుంచి వచ్చి ప్రభుదాసు గారు నా పక్కన నేల మీద కూర్చున్నారు.

"ఎన్ని పోయాయి?"

"తగల్లేదండీ."

"నేనడిగింది అది కాదు."

"మూడండీ," అన్నాను. ఆయన తలూపారు. ఆ తర్వాత ఆ మిల్లులో ఆయన పట్టీ తెంపలేదు. ఉద్యోగం మానేశాక ఒంగోలులో మొక్కలకు నీళ్ళు పోసుకుంటూ బతికి, తన మంచం మీద నిద్రలోనే పోయారు. పాచికల పెట్టె నాకు వచ్చింది. ఎవరైనా కుర్రాడు బండి మీంచి పడి దులుపుకుని లేచి, "ఏం కాలేదు బాబాయ్" అని నవ్వితే, వాడి మోకాలు కాదు, చేతులు చూస్తాను.

ఇక ఒట్టు సంగతి. ఇది చదివితే మస్తాను ఊరంతా చెబుతాడు కాబట్టి నేనే ముందు చెబుతున్నాను. నేను పట్టీలు తెంపిన ఆ రెండో బేలులో నిప్పు లేదు. అది పడమటి ఎండకు కాగిన బేలు. చివరి పట్టీ తెగితే చల్లటి తెల్లటి దూది నా కాళ్ళ మీద పడింది, అంతే. దానికే నేను కిందపడ్డాను. ప్రభుదాసు గారు గేటు నుంచి వచ్చి ఆ దూదినీ, నన్నూ చూసి, నవ్వకుండా అదే మాట అడిగారు. మంట నేను కల్పించాను. ఆ మూడు గింజలు కల్పించలేదు.