లక్షా ఒక్క వత్తి

మా వీధి శివాలయంలో లక్ష వత్తులు వెలిగిస్తారన్న కబురు నాకు మొదట తెచ్చింది పక్కింటి వదిన. శ్రావణంలో ఒక పొద్దున, పత్తి మూటతో సహా వచ్చింది. ఆదిలాబాద్ వైపు చేలలో నిరుడు ఏరింది, ఇంకా గింజ తీయలేదు.

"పదిమందిమి ఐనం. మనిషికి పదివేలు. కార్తీక పున్నం వరకు ఒడువాలె, ఒక్కటి బాకీ ఉండొద్దు" అంది.

"ఎదురింటి పెద్దవ్వో?"

"ఆమె చేతులు వణుకుతయ్. ఆమె కోసం ఆగితే మళ్లొచ్చే కార్తీకమే."

పెద్దవ్వ తన అరుగు మీద కూర్చుని అంతా వింటూనే ఉంది. తడి లేని చేతులను కొంగుకు తుడుచుకుంది.

సాయంత్రం గుడిలో పూజారి గారు మా లెక్కంతా ఒక్క మాటతో మార్చేశారు. "సున్నా మీద ఆపద్దమ్మా. కట్నం సుత నూటపదహార్లు అంటం గద! లక్ష మీద ఒకటి వెయ్యిండ్రి."

ఆ ఒక్కటి ఎవరు చేయాలి? పుణ్యమంతా అందులోనే ఉన్నట్టు పది మందిమీ ఎగబడ్డాం.

"మొదలువెట్టింది నేను, ఆఖరిది గూడ నేనే" అంది వదిన.

"అయితే నడుమవి మా మెడకా?" అని ఇంకొకామె.

నేను బడికి పోలేదు. బాపు ఇంట్లోనే చింతగింజలు పరిచి లెక్కలు నేర్పారు. సమానమైన వరసల్లో ఇమడని సంఖ్యను 'మొండిది' అనేవారు. పెద్ద సంఖ్య ఎదురైతే ఒక అంకె కలిపి, పక్కది తీసేస్తూ పొమ్మనేవారు. చివరికి సున్నా మిగిలితే అది పదకొండుకు లొంగుతుంది. బాపును తలుచుకుని వేళ్ల మీద చూశాను. 1,00,001. ముందున్న ఒకటి కలిపి, వెనకున్న ఒకటి తీస్తే సున్నా!

"పదకొండు మందిమైతే తలా తొమ్మిది వేల తొంభై ఒకటి. ఒక్కటి మిగలది" అన్నాను.

"వేరే తొవ్వ లేదా?" అంది వదిన.

తొమ్మిది వేల తొంభై ఒకటిని రెండుతో, మూడుతో, ఏడుతో, అలా చాలా దూరం విడదీసి చూశాను. అచ్చంగా బాపు చెప్పిన మొండిదే.

"ఉన్నది. తొమ్మిది వేల తొంభై ఒక్క మందిమి, తలా పదకొండు."

"గంతమందికి చాయ్ ఎవలు వోస్తరు?" అని వదిన లేచింది. నేరుగా పెద్దవ్వ అరుగు దగ్గరికే నడిచింది. "లే పెద్దవ్వా. లెక్కకు నువ్వు గావాలెనట."

"చేతులు వణుకుతయ్ బిడ్డా."

"వత్తి మెలివడాలె గద! వణికితే ఇంకా మంచిగ మెలివడతది."

రోజూ వదినే గింజలు తీసి పెద్దవ్వకు పత్తి అందించేది. మెలి మాత్రం పెద్దవ్వదే. పున్నమికి ముందురోజు తన వంతు ముగించి, చేతులను కళ్లకద్దుకుంది. మర్నాడు నేతిలో తడిసిన ఆ వత్తులన్నీ వెలుగుతుంటే ఏది ఎవరిదో మాకే తెలియలేదు. శివయ్య దయ.

ఈ ఏడు పెద్దవ్వ లేదు. మళ్లీ పదిమందిమే, మళ్లీ ఒకటి మిగిలింది. దాని కోసం ఈసారి ఎవరూ పోట్లాడలేదు. ఆమె పేరు మీద వెలిగించాం. మీ ఇంట్లో దీపం పెట్టేటప్పుడు మా ఎదురింటి పెద్దవ్వను ఒక్కసారి తలచుకోండి.