ఆయిల్ మూత చోట కుక్కిన పత్తి

నాకు చెయ్యి ముందు, మాట తర్వాత. ఇది అందరికంటే ఎక్కువ తెలిసింది మా బామ్మర్దికి. నా పాత లారీకి ఆరేళ్ళుగా అతనే డ్రైవరు.

అతనికొక అలవాటుంది. పొద్దున్నే ఇంజను స్టార్ట్ చేసి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి ఎడమ చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. ఎక్కడ ఏ తేడా ఉన్నా చెప్పేస్తాడు. ఆ చెవే మా లారీకి డాక్టరని హమాలీలు వేళాకోళం చేసేవాళ్ళు.

ఆ రోజు పర్చూరులో పత్తి లోడు ఎక్కించుకుని చిలకలూరిపేట జిన్నింగు మిల్లుకి వచ్చాం. గేటు ముందు లైన్లో ఆగాం. ఇంజను ఊరికే తిరుగుతోంది. ఆయిల్ ప్రెషరు మీటరు ముల్లు సున్నా మీద పడుంది. యాక్సిలరేటరు తొక్కితే లేస్తుంది, వదిలితే పడిపోతుంది.

"వారం నుంచీ చెప్తున్నా కద బావా, శబ్దం మారిందని," అన్నాడు.

చెప్పిన మాట నిజమే. నేనే వినలేదు. హమాలీల ముందు ఆ మాట అనేసరికి నాకు మండింది. "ఆయిల్ చూడకుండా తోలి, మళ్ళీ నాకే చెప్తావట్రా!" అని చొక్కా పట్టుకుని కిందికి లాగాను. మోకాళ్ళ మీద పడ్డాడు. డొక్కలో తన్నాను. అతను లేచి, డిప్‌స్టిక్ తీసి చూపించాడు. ఆయిల్ నిండుగానే ఉంది. దాంతో నా కోపం ఇంకా పెరిగింది.

లోడు దించేసి మేస్త్రీ షెడ్డుకి వెళ్ళాం. అరవై దాటిన పెద్దాయన. మీటరే అబద్ధం చెబుతోందేమోనని ముందు తన మీటరు బిగించి చూశాడు. అదీ అంతే చూపించింది. పెదవి విరిచాడు.

"బేరింగులు అరిగుంటాయి. ఇంజను దించాల్సి రావచ్చు."

ఇంజను దించితే మిరపకాయల సీజను మొత్తం పోయినట్టే. నాకు ఒళ్ళు తెలియలేదు. వెనక్కి తిరిగి, బలమంతా పెట్టి బామ్మర్దిని అరచేత్తో ఎడమ చెవి మీద కొట్టాను. పక్కనున్న టైరు మీద పడి, చెవి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. మళ్ళీ చెయ్యెత్తాను. మేస్త్రీ జాకీ రాడ్డు నా గుండెల మీద పెట్టి గోడకి నొక్కేశాడు.

"నా షెడ్డులో ఇంకోసారి చెయ్యి లేపావంటే విరగ్గొట్టి పంపుతా. కూర్చో!"

కూర్చున్నాను.

ఆయిల్ దింపి, కింద ఛాంబరు విప్పాడు. బేరింగు తీసి చూస్తే బాగానే ఉంది. ఆయిల్ పంపు ముందుండే జల్లెడ మాత్రం చిరిగిపోయింది. తర్వాత ప్రెషరు వాల్వు విప్పాడు. ప్రెషరు మరీ ఎక్కువైతేనే తెరుచుకోవాల్సిన వాల్వు అది. దాని నోట్లో ఏదో నల్లటి పీచు ఇరుక్కుని, మూసుకోనివ్వకుండా చేస్తోంది. ఆయిలంతా అక్కడే జారిపోతోంది. పట్టకారుతో దాన్ని లాగి, డీజిల్లో కడిగి నా అరచేతిలో పెట్టాడు.

"పత్తి. ఇంజన్లోకి పత్తి ఎలా వచ్చిందయ్యా?"

నాకు తెలుసు. రెండు నెలల కింద ఆయిల్ పోసే చోట మూత ఎక్కడో పడిపోయింది. మిల్లుల చుట్టూ తిరిగే బళ్ళవాళ్ళు చేసే పనే నేనూ చేశాను. లోడులోంచి గుప్పెడు పత్తి లాగి, ఉండచుట్టి కుక్కాను. వద్దు బావా, మూత కొందాం అన్నాడు మా బామ్మర్ది. నోర్ముయ్యమన్నాను.

"నేనే పెట్టా," అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. అతని వైపు చూడలేకపోయాను.

జల్లెడ మార్చి, వాల్వు కడిగి, కొత్త ఆయిలు పోసి, కొత్త మూత బిగించేసరికి సాయంత్రమైంది. స్టార్ట్ చేశాను. ముల్లు లేచి నిలబడింది. యాక్సిలరేటరు వదిలినా పడలేదు.

"శబ్దం ఎలా ఉందిరా?" అని మెత్తగా అడిగాను.

అతను స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి ఎడమ చెవికి పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత కళ్ళు తెరిచి నా వంక చూసి, పిడిని కుడి చెవికి మార్చుకున్నాడు.

"బాగుంది బావా," అన్నాడు.