దొరసాని అడగబోయే ప్రశ్నలు

మా బాబాయి చెబితే రాయికైనా ఇంగ్లీషు వస్తుందని బెజవాడలో అనేవాళ్లు. ఆయన గవర్నర్‌పేటలో ఒక హైస్కూల్లో మేష్టరుగా పనిచేసేవాడు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు పెద్ద పెద్ద ఉద్యోగాలు చేశారు. ఆయన పోయాక ఫోటోకి దండ వేసి సభ కూడా పెట్టారు. ఆ సభకు నన్నూ పిలిచి నాలుగు మాటలు మాట్లాడమన్నారు. ఒంట్లో బాగాలేదని కబురు చేశాను. నిజానికి ఒంట్లో బాగానే ఉంది. మైకు ముందు నిలబడితే నా నోరు ఊరుకోదని నాకు తెలుసు. ఆ రోజు మింగిన మాటలే ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను.

అవి యుద్ధం రోజులు. వన్ టౌన్‌లో మాది ముందు కొట్టూ వెనక ఇల్లూ. నాన్న నూలు తెచ్చి చుట్టుపక్కల ఊళ్ల నేతగాళ్లకిచ్చి, వాళ్లు నేసిన పంచెలూ చీరలూ కొట్లో పెట్టి అమ్మేవాడు. నూలు మీద కంట్రోలు వచ్చాక ఆ వ్యాపారమూ అంతంతమాత్రమైంది. అయినా దొరికిన కాస్త నూలుకీ రాట్నం మీద కండెలు చుట్టి ఇచ్చే పని అమ్మదీ నాదీ. నేను థర్డ్ ఫారం, అంటే ఎనిమిదో తరగతి, పాసయ్యాను. ఆ ఏడే పెద్దమనిషినయ్యాను. ఇక ఆడపిల్ల వీధిలో పుస్తకాలు పట్టుకుని తిరగడం బాగుండదని నాన్న బడి మానిపించాడు. ఏడ్చాను. అన్నం మానేశాను. రెండో పూటకి ఆకలి వేసి తినేశాను గానీ ఏడుపు మాత్రం ఆగలేదు.

నాకు ఉన్న కోరిక ఒక్కటే. ఎస్సెల్సీ పాసై టీచరు కావాలి. మాకు లెక్కలు చెప్పిన టీచరమ్మ ఉండేది. నల్ల గొడుగు వేసుకుని కాలవ వంతెన మీదుగా ఒక్కతే నడిచి బడికి వచ్చేది. ఎక్కడికి వెళుతున్నావని గానీ, ఎవరితో వెళుతున్నావని గానీ ఆమెని ఎవరూ అడిగేవాళ్లు కాదు. నేనైతే పక్కవీధిలో నూనె కొట్టుకి వెళ్లాలన్నా ఇంట్లో ముగ్గురికి చెప్పి వెళ్లాలి. ఆ గొడుగు కోసమైనా టీచరు కావాలనుకునేదాన్ని.

మాఘమాసంలో ఒకనాడు బాబాయి బడి నుంచి వస్తూనే నన్ను పిలిచాడు.

"ఏడ్చింది చాలుగానీ ఇలా రావే అమ్మడూ. జూన్‌లో నిన్ను ఫోర్త్ ఫారంలో చేర్పిస్తాను" అన్నాడు.

మేం పిల్లా పెద్దా అందరం బాబాయిని నువ్వనే పిలిచేవాళ్లం. నాకు ఆయనంటే ప్రాణం. "నాన్న ఒప్పుకున్నాడా?" అని అడిగాను.

"నాన్న సంగతి నాకొదిలెయ్. ఆడపిల్లల హైస్కూల్లో పెద్ద టీచరు దొరసాని. ఆవిడకి తెలుగు ముక్క రాదు. చేర్చుకునే ముందు ఎదురుగా కూచోబెట్టి ఇంగ్లీషులో ప్రశ్నలు వేస్తుంది. తడుముకోకుండా చెబితేనే సీటు. నువ్వు నీళ్లు నమిలావో, నేనేం చెయ్యలేను."

నాన్న గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాడు. ఏమీ అనలేదు. మా నాన్న నోరు తెరవలేదంటే ఒప్పుకున్నట్టేనని నా లెక్క. ఆ రాత్రి కడుపునిండా తిన్నాను.

మర్నాటి నుంచీ మా ఇంట్లో దొరసాని వెలిసింది. బాబాయి సాయంత్రం బడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, వసారాలో కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూచునేవాడు. నేను వాకిలి దాటి వచ్చి "గుడ్ మార్నింగ్ మేడమ్" అనాలి. సాయంత్రం పూట మీసాలున్న మనిషిని పట్టుకుని అలా అనాలంటే మొదట్లో నవ్వాగేది కాదు. నవ్వితే మళ్లీ వాకిట్లోకి వెళ్లి మళ్లీ రావాలి. కిరసనాయిలు రేషను కాబట్టి దీపాల వేళకి చదువు ఆపెయ్యాలి. అందుకని నవ్వు దండగ అని నేనే తెలుసుకున్నాను.

వాట్ క్లాస్ హేవ్ యు పాస్డ్? విచ్ సబ్జెక్ట్ డు యు లైక్ బెస్ట్? హూ టాట్ యు ఇంగ్లీష్? అన్నీ చదువు గురించిన ప్రశ్నలే. ఒక్కో ప్రశ్నకి జవాబు మొదట ఆయన చెప్పేవాడు, నేను వల్లించేదాన్ని. ఆ తరవాత ఆ జవాబునే నిన్నటికి మార్చి చెప్పమనేవాడు, రేపటికి మార్చి చెప్పమనేవాడు. మధ్యాహ్నం కండెలు చుట్టేటప్పుడు క్రియలు కంఠతా పట్టాలి. రాట్నం ఒక తిప్పు తిప్పి టీచ్, ఇంకో తిప్పుకి టాట్, మరో తిప్పుకి టాట్. గో, వెంట్, గాన్. నూలు తెగితే క్రియా తెగేది. అమ్మ తిట్టేది కాదు. తనే వంగి ముడి వేసి ఇచ్చేది.

నేను చేసిన తప్పుల్లో బాబాయికి ఒళ్లు మండించింది ఒకటుంది. "డోంట్ యు లైక్ గ్రామర్?" అంటే నేను ఠక్కున "యెస్" అనేదాన్ని. గ్రామరు ఇష్టం లేదు కదూ అంటే తెలుగులో అవును అంటాం కదా. "దొరసాని ముందు ఇలా అన్నావంటే నీకు గ్రామరంటే ఎంత ప్రేమోనని ముద్దు పెట్టుకుంటుంది. నో అనాలే, నో" అని నెత్తి కొట్టుకునేవాడు. అడ్మిషన్, అటెండెన్స్, ప్రమోషన్, స్కాలర్‌షిప్, ఇలాంటి మాటలు నోట్లో బెల్లం ముక్కల్లా చప్పరించేదాన్ని. ఎక్కువ ఇష్టం ప్రమోషన్ అన్న మాట. పై తరగతికి పంపించడానికి ఒక మాటంటూ ఉంది కదా అని.

ఫాల్గుణం వెళ్లాక ప్రశ్నలు కాస్త దారి తప్పాయి. కెన్ యు సింగ్? డు యు నో కుకింగ్? అని మొదలుపెట్టాడు.

"ఫోర్త్ ఫారంలో వంట ఎందుకు బాబాయ్?"

"దొరసానులు అన్నీ అడుగుతారే. పిల్ల ఇంటిపట్టున ఎలా ఉంటుందో వాళ్లకీ తెలియాలి కదా."

అంతకుముందు మొహంలోకి సూటిగా చూసి చెప్పమన్నవాడు ఇప్పుడు చెప్పాక తల దించుకోమన్నాడు. గట్టిగా చెప్పమన్నవాడు మెల్లిగా చెప్పమన్నాడు. కుర్చీలో కాదు, చాప మీద కూచుని చెప్పమన్నాడు. దొరసాని ముందు చాప ఎందుకుంటుందని నాకు అనుమానం రాలేదా అంటే, వచ్చింది. కానీ నాకు కావలసింది ఆయన చేతిలో ఉంది. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అనలేదు. కాళ్లు పైకెత్తి చేతుల మీద నడవమన్నా ఆ రోజుల్లో నడిచేదాన్ని. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి నా ఇంగ్లీషు వింటూ కళ్లు తుడుచుకునేది. కూతురి తెలివికి మురిసిపోతోందనుకున్నాను.

వైశాఖంలో, బెజవాడ కొండలు పొయ్యి మీద పెనంలా కాలే రోజుల్లో, బాబాయి "రేపు పొద్దున్నే" అన్నాడు. నేను అందరికన్నా ముందు లేచాను. తలంటుకున్నాను. ఉతికిన లంగా వోణీ వేసుకుని, జట్కా వచ్చిందేమో చూద్దామని ముందుకి వచ్చాను. కొట్టు మూసి ఉంది. లోపలి గదిలో జంపఖానా పరిచి ఉంది. పళ్లెంలో అరటిపళ్లు, తమలపాకులు, వక్కలు. అమ్మ పట్టుచీరతో ఎదురొచ్చింది.

"స్కూలుకి పట్టుచీర ఎందుకమ్మా?" అన్నాను.

అమ్మ నా మొహం చూడలేదు. "పెళ్లివారొస్తున్నారే" అంది.

బాబాయి దొడ్లో నూతి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. "మరి దొరసాని?" అన్నాను.

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూనే చెప్పాడు. "కుర్రాడు నా స్నేహితుడే అమ్మడూ. మద్రాసులో లా చదువుతున్నాడు. ఇంగ్లీషు మాట్లాడే పిల్లయితేనే చేసుకుంటానని భీష్మించుక్కూచున్నాడు. ఇప్పటికి ఎన్ని సంబంధాలు తిరగ్గొట్టాడో. వాడు అడిగేవన్నీ నీకు వచ్చినవే, నేనే రాయించుకొచ్చాను. పెళ్లయ్యాక వాడే చదివిస్తాడు నిన్ను."

"నువ్వు చదివిస్తానన్నావు కదా."

"చెబితే నేర్చుకునేదానివా? వాళ్లొచ్చే వేళయింది. వెళ్లి చీర కట్టుకో" అన్నాడు.

నమ్మించి గొంతు కొయ్యడమంటే ఏమిటో నాకు ఆ నూతి దగ్గర తెలిసింది. నాన్న మీద నాకు అంత కోపం లేదు. నాన్న నాకేమీ మాటివ్వలేదు. వద్దన్నాడు, వద్దనే ఉన్నాడు. చదువు మీద ఆశ పెట్టి, ఆ ఆశతోనే నాకు అన్నీ నేర్పించి, నన్ను పళ్లెంలో పెట్టింది మాత్రం ఈయన. వసారాలో నేను తప్పు చెప్పినప్పుడు నవ్వి, ఒప్పు చెప్పినప్పుడు భుజం తట్టిన మనిషి.

పెళ్లివారు వచ్చారు. కుర్రాడూ వాళ్ల నాన్నగారూ మరో ఇద్దరు పెద్దవాళ్లూ. నన్ను తీసుకొచ్చి చాప మీద కూచోబెట్టారు. పెళ్లికొడుకు గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. వాట్ క్లాస్ హేవ్ యు పాస్డ్? ఆ తరవాత రెండోది, ఆ తరవాత మూడోది. వసారాలో అడిగిన వరసే. నా నోరు నన్నడగకుండానే జవాబులు చెప్పేసింది. ఒక్కో జవాబుకీ పెద్దవాళ్లు గంగిరెద్దు తల ఊపినప్పుడు చూసినట్టు చూసి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మా నాన్న మొహం వెలిగిపోయింది. బాబాయి మధ్య మధ్య పెదవులు కదుపుతున్నాడు, నాతోపాటు లోలోపల వల్లిస్తున్నట్టు.

ప్రశ్నలు అయిపోయాయి. నన్ను లోపలికి తీసుకెళ్లడానికి అమ్మ వంగింది. అప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. ఆ గదిలో ఇంగ్లీషు తెలిసినవాళ్లం ముగ్గురమే. నేను తెలుగులో నోరెత్తితే నాన్న పరువు పోతుంది, నా వీపు విమానం మోత మోగుతుంది. ఇంగ్లీషులో అంటే, వినవలసిన వాళ్లకే వినబడుతుంది. ఒకరేమో చదువుకున్న పెళ్లికొడుకు. ఇంకొకరు నాకు చదువు చెప్పిన బాబాయి. ఇద్దరిలో ఏ ఒక్కరికి మనసున్నా చాలు.

తలెత్తి పెళ్లికొడుకు మొహంలోకి సూటిగా చూశాను. "మై అంకుల్ టోల్డ్ మీ దట్ ఐ వజ్ గోయింగ్ టు స్కూల్" అన్నాను. "ఐ వాంట్ టు స్టడీ. ప్లీజ్ సే నో."

నన్ను బడికని చెప్పి ఇక్కడ కూచోబెట్టారు, నాకు చదువుకోవాలని ఉంది, దయచేసి నన్ను వద్దనండి. ఎవరూ వల్లె వేయించకుండా నా అంతట నేను కూర్చుకున్న మొదటి ఇంగ్లీషు మాటలు అవే. మాట ఎక్కడా తడబడలేదు.

ఇవి కొత్త మాటలని గదిలో మిగతావాళ్లకీ తెలిసిపోయింది. నాన్న బాబాయి వైపు తిరిగాడు.

"ఏమంటోందిరా?"

బాబాయి నావైపు చూశాడు. ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడైనా చెబుతాడు అనుకున్నాను. దేవుడికి మొక్కాను కూడా.

"చదువంటే ఇష్టమంటోంది అన్నయ్యా. పెళ్లయ్యాక వీళ్లు చదివిస్తే సంతోషమేనంటోంది" అన్నాడు.

"దానికేం భాగ్యమండీ, బంగారంలా చదువుకోమనండి" అన్నారు కుర్రాడి నాన్నగారు. అందరూ హాయిగా నవ్వారు.

ఇంక ఆయనొక్కరే మిగిలారు. ఆయన బాబాయిని ఒకసారి చూశారు. నన్ను చూశారు. చేతిలో ఉన్న అరటితొక్క పళ్లెంలో పెట్టి, "నాకు ఇష్టమేనండీ" అన్నారు.

జూన్‌లో బడులు తెరిచేనాటికి నేను అత్తవారింట్లో ఉన్నాను. చదువు సంగతి ఎత్తితే మొదట మామగారి జబ్బన్నారు, తరవాత నా కడుపన్నారు, ఆ తరవాత పిల్లలన్నారు. తరవాత నేనే ఎత్తడం మానేశాను. మా ఆయన చెడ్డవారేమీ కాదు. చెయ్యి చేసుకోలేదు, తాగలేదు, ఇంటికి ఏ లోటూ చెయ్యలేదు. బాబాయి వచ్చినప్పుడల్లా ఇద్దరూ వీధరుగు మీద కూచుని ఇంగ్లీషులో కబుర్లు చెప్పుకునేవాళ్లు. నేను బాబాయికి అన్నం పెట్టేదాన్ని. ఆయన మంచినీళ్లడిగితే ఇచ్చేదాన్ని. అంతకుమించి మాట్లాడలేదు. అమ్మాయికి సంసారం వచ్చి గాంభీర్యం వచ్చిందని ఆయన మా నాన్నతో అన్నాడట.

కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు భోజనం వడ్డిస్తూ మా ఆయన్ని అడిగాను. అడక్కుండా ఉండలేకపోయాను. అర్థం కాలేదని అంటే క్షమించేద్దామనే అడిగాను.

"ఆ రోజు నేనన్నది మీకు అర్థం కాలేదా అండీ?"

"ఎందుకు అర్థం కాలేదు?" అన్నారు ఆయన అన్నం కలుపుకుంటూ. "ఒక్క తప్పు లేకుండా మాట్లాడావు. అంతవరకూ బట్టీ పట్టి చెబుతున్నావేమోనని అనుమానంగానే ఉంది నాకు. ఆ మాటలు విన్నాకే నిన్ను చేసుకోవాలని ఖాయం చేసుకున్నాను."

మెచ్చుకున్నాననుకున్నారు పాపం. నేను మజ్జిగ పోసి లోపలికి వచ్చేశాను.

ఆ తరవాత ఆయన ప్లీడరుగా బాగా పైకొచ్చారు. ఇంటికి జడ్జీలు వచ్చేవాళ్లు, కలెక్టరాఫీసు వాళ్లు వచ్చేవాళ్లు. "మా ఆవిడ ఇంగ్లీషు వినాలండీ మీరు" అని నన్ను ముందుగదిలోకి పిలిచేవారు. వాళ్లు మర్యాదగా ఇంగ్లీషులో పలకరించేవాళ్లు. నేను కాఫీలు బల్ల మీద పెట్టి, "పంచదార సరిపోయిందాండీ" అని అడిగి లోపలికి వెళ్లిపోయేదాన్ని. సిగ్గనుకునేవాళ్లు వచ్చినవాళ్లు. ఆయనకి మాత్రం తెలుసు. ఒకటి రెండుసార్లు బతిమాలారు కూడా. ఆయన పోయేదాకా నా నోట ఒక్క ఇంగ్లీషు ముక్క వినలేదు.