పిట్ట ముట్టని బువ్వ

విమానాలు మా తొండుపల్లి మీదుగా ఎగరడం మొదలైన ఆ తొలి ఏళ్లలో, ఎయిర్‌పోర్టులో నౌకరి ఉన్నవాడు ఊళ్లో ఓ వెలుగు వెలిగేవాడు. నేనూ వెలిగాను. రన్‌వే దగ్గర పక్షులు వాలకుండా పటాకులు కాల్చడం నా పని. (పెళ్లి సంబంధాలవాళ్లకు మాత్రం 'సెక్యూరిటీ' అని చెప్పేవాళ్లం.) ఊళ్లో అంతా 'కాకుల సారు' అనేవాళ్లు. ఒళ్లు మండేది కానీ, చివర్న 'సారు' ఉంది కదా అని ఊరుకునేవాణ్ణి.

అంతలో బాపు పోయాడు. మాలో మూడో రోజు పిట్టకు పెడతారు. పోయిన మనిషికి ఇష్టమైనవి వండి, విస్తట్లో పెట్టి, దూరంగా నిలబడాలి. పిట్ట ముట్టాకే ఇంటివాళ్లు తినాలి. ముట్టలేదంటే పోయినవారికి ఏదో కోరిక మిగిలిందన్నమాట. ఊరివాళ్లంతా ఆ పని వాగు ఒడ్డునే చేసేవారు. వానాకాలం పారి, ఎండాకాలం మడుగుల్లో మిగిలే వాగు అది. ఆ నీళ్లకే కాకులు వచ్చేవి. ఎగువన ప్లాట్ల కోసం మట్టి పోశాక మడుగులూ పోయాయి, ఒడ్డున తుమ్మచెట్లూ పోయాయి. అయినా మేమూ అక్కడే విస్తరి పెట్టాం. ఎండ నెత్తికెక్కినా ఒక్క పిట్ట రాలేదు. "అన్నా, నీకని బోటి కూర వండిన, జర ముట్టు," అని మేనత్త ఏడ్చింది. పెద్దనాయిన నా వైపు తిరిగాడు. "గా నౌకరి ఇడిసిపెడ్తనని మీ బాపుకు చెప్పురా. పిట్టలను ఎల్లగొట్టెటోని చేతి బువ్వ ఏ పిట్ట ముడ్తది?" ఇంకోరోజైతే అందరం పడీపడీ నవ్వేవాళ్లం. నేను చేతులు జోడించి "ఇడిసిపెడ్త బాపూ," అన్నాను. నిజంగానే ఓ కాకి వాగు మీదుగా వస్తూ కనిపించింది. అంతలో ఎయిర్‌పోర్టు వైపు ఢామ్మని పటాకు పేలింది. (నా బదులు డ్యూటీ చేస్తున్న దోస్తు మహా పనిమంతుడు.) కాకి వచ్చిన దారినే పోయింది.

అమ్మకు షుగరు. పొద్దున గోలీ వేసుకుంది కానీ మెతుకు ముట్టలేదు. "ఆయన తినకుండ నేనెట్ల తింట?" అంటూనే, చెమటలు పట్టి, చేతులు వణికి, కంకర మీద ఒరిగిపోయింది. అమ్మ కూడా పోతుందని నాకు భయం పుట్టింది. పరుగున వెళ్లి విస్తట్లోంచి ముద్ద కలిపి తెచ్చి ఆమె నోట్లో పెట్టాను. "అరె ఆగురా, పిట్ట ముట్టలే!" అని పెద్దనాయిన అరిచాడు. అమ్మ మింగింది. ఇంకో ముద్ద పెట్టాను. వణుకు తగ్గాక లేచి కూర్చుని, అందరికీ వినబడేలా అంది: "కూరల ఉప్పెక్కువైంది. గిట్లయితే ఆయన బతికున్నప్పుడే ముట్టకపోతుండె. పిలగాని నౌకరిదేమున్నది?"

మేనత్త ముఖం మాడ్చుకుంది. నేనూ ఓ ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది. ఆ మాట పైకి అనలేక, మేనత్త వైపు చూడలేక, విస్తరి ఖాళీ అయ్యేదాకా తల దించుకుని తింటూ కూర్చున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది.